కాగితం కొనని ఏడాది

పిల్లల్ని బడి మాన్పించాక నరసింహ వాళ్ల చదువు కోసం ఒక్క కాగితం కొనలేదు. ఇంకొకరైతే ఆ సంగతి దాచుకుందురు. నరసింహ మాత్రం పదిమందిలో ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు.

అమెరికాలో వాళ్లుండే అరోరా ఊళ్లో అప్పటికి తెలుగువాళ్ల ఇళ్లు తక్కువ. ఎవరింట్లో పిల్లల పుట్టినరోజైనా అందరూ ఆ ఇంటి బేస్‌మెంట్లోనే తేలేవాళ్లు. డాక్టర్లు ఒక మూల, ఇంజనీర్లు ఒక మూల. ఏ మూలకీ చెందక, చేతిలో పేపర్ ప్లేటుతో మెట్ల దగ్గర నిలబడే నరసింహని ఎవరో ఒకరు కదిలించకుండా ఉండరు.

"ఇప్పుడేం చేస్తున్నారండీ?"

"పిల్లలకి ఇంట్లో చదువు చెబుతున్నా. చాలా ఆదా."

ఒకసారి భాస్కర్ అనే ఇంజనీరు ఈ మాట విని పులిహోర నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఆదా ఏంటండీ బాబూ! ఇక్కడ స్కూలు ఫ్రీ. బస్సు కూడా గుమ్మంలోకి పంపిస్తారు. ఫ్రీగా వచ్చేదాన్ని మాన్పించి ఆదా అంటారేంటి? ఈ లెక్క మా ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పలేదే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నరసింహ కూడా నవ్వినట్టే మొహం పెట్టాడు. "మీ కాలేజీలో చెప్పనివి చాలానే ఉంటాయి లెండి," అని ప్లేటు చెత్తబుట్టలో పడేసి, పిల్లల్ని కోట్లు వేసుకోమన్నాడు. కారెక్కాక భార్య శాంతి, "ఆయన సరదాగా అన్నాడండీ," అంది. "చదువుకున్నోళ్ల సరదాలు నాకు తెలియవా?" అన్నాడు.

ఆదా అన్న మాట వెనక ఒక పంతం ఉంది. శాంతి నర్సు. హాస్పిటల్ వాళ్లు పిలిస్తే ముందు తనే వచ్చింది, తర్వాత రెండేళ్లకి మొగుణ్ణీ కూతురు ఉషనీ తెచ్చుకుంది. కొడుకు మోహన్ ఇక్కడే పుట్టాడు. వీసా కాగితాల్లో నరసింహ పేరు పక్కన డిపెండెంట్ అని ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టిన మనిషి, తన చేతికింద నలుగురు కుర్రాళ్లని పెట్టుకుని పని చేయించినవాడు, భార్య మీద ఆధారపడ్డవాడిగా విమానం దిగాడు. రేకులు నొక్కే ఫ్యాక్టరీలో పని దొరికాక ఆ మంట కొంచెం చల్లారింది. ఎనభై రెండులో ఆ ఫ్యాక్టరీ అతనితో సహా సగం మందిని ఇంటికి పంపేసినప్పుడు మళ్లీ రాజుకుంది.

ఆ తర్వాతి వసంతంలో ఒకరోజు ఉషని తీసుకురావడానికి బడికి కాస్త ముందుగా వెళ్లాడు. నాలుగో క్లాసు గదిలో పిల్ల లేదు. ఎక్కడుందని అడిగితే కింద బేస్‌మెంట్ గదికి పంపారు. అక్కడ చదువు రాని పిల్లలనుకున్నవాళ్లని కూర్చోబెట్టి చిన్నపిల్లల పుస్తకాలిస్తున్నారు. తొమ్మిదేళ్ల తన కూతురు ఆపిల్ పండు బొమ్మకి ఎర్రరంగు వేస్తోంది. ఆ పిల్లకి ఇంగ్లీషు రాక కాదు. ఇంట్లో తమ్ముడితో గలగలా మాట్లాడుతుంది. కొత్తవాళ్ల ముందు మాత్రం నోరు విప్పదు. టీచరు అడిగితే తల దించుకుని కూర్చునేది. అడిగి అడిగి విసిగి, ఈ పిల్ల స్లో అని రాసుకున్నారు.

నరసింహకి తను నిలబడ్డ వరండా గుర్తొచ్చింది. గుడివాడ హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఫీజు కట్టలేదని హెడ్‌మాస్టరు బయట నిలబెట్టేవాడు. కిటికీలోంచి పాఠం సగం వినపడేది, బోర్డు కనపడేది కాదు. ఒక పొద్దున అక్కణ్ణించి అలాగే నడుచుకుంటూ వెళ్లి లారీల షెడ్డులో చేరిపోయాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు. ఆ సంగతే ఇన్నేళ్లూ అతన్ని లోపల్లోపల కొరుకుతూ ఉంది.

ఆపిల్ పండు సగం ఎర్రగా ఉండగానే ఉష చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు. మర్నాటి నుంచి బడికి పంపలేదు. ఒకటో క్లాసులో వెయ్యాల్సిన మోహన్‌నీ పంపలేదు.

"మీరు చెబుతారా?" అంది శాంతి. అడిగిన తీరులో వెటకారం లేదు. అలసట ఉంది.

"నేనే చెబుతా. ఈ చదువుకి నీ జీతంలోంచి ఒక్క సెంటు కూడా అడగను. చూస్తూ ఉండు."

అదీ పంతం.

పుస్తకాలకి పబ్లిక్ లైబ్రరీ ఉంది. కావలసినన్ని తెచ్చుకోవచ్చు, చదివి ఇచ్చేయొచ్చు. చిక్కల్లా రాసుకోవడానికే. అప్పుడే వాళ్ల వీధి చివర పాత చర్చి పైకప్పు విప్పుతున్నారు. కప్పుకి వేసినవి పెంకులు కావు, నల్లరాతి పలకలు. విప్పేవాళ్లు వాటిని ట్రక్కులోకి విసిరేస్తుంటే నరసింహ ఆగి చూశాడు. అడిగితే, పట్టుకుపో అన్నారు. పగలనివి ఏరి తెచ్చి, హాక్‌సా బ్లేడుతో అంచులు సరిచేసి, సామాను పెట్టెల చెక్కలతో చట్రాలు బిగించాడు. లారీ బాడీకి మూలలు కలిపినట్టే మేకు కనపడకుండా కలిపాడు. బలపాలకి వెతుక్కోనక్కర్లేకపోయింది. వెల్డర్లు ఇనుము మీద గీతలు గీసుకునే తెల్లరాతి పుల్లలు ఫ్యాక్టరీ రోజులనాటివి అతని పనిముట్ల పెట్టెలో డబ్బా నిండా ఉన్నాయి. అచ్చం మన బలపాలే. మొదటిసారి పలక మీద అ అని రాసి చూసుకున్నప్పుడు, అమెరికా వచ్చాక ఎన్నడూ లేనంత సంతోషం కలిగింది అతనికి.

శాంతి నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటుంది. గోడలు పల్చనివి. అందుకని వంటింటి బల్ల దగ్గర పాఠాలన్నీ గుసగుసల్లోనే సాగేవి. నరసింహ లెక్క చెబుతాడు, పిల్లలు రాస్తారు, పలక తిప్పి చూపిస్తారు. తప్పయితే, "తప్పు. తుడువు," అంటాడు. ఒప్పయితే, "ఊఁ. తుడువు," అంటాడు. పక్కన గిన్నెలో నీళ్లు, తడిగుడ్డ. పలక ఆరేలోపు ఇంకో లెక్క.

తనకి వచ్చింది అయిపోతే లైబ్రరీ పుస్తకం ముందురోజే చదివి, అర్థం కానిది శాంతి లేచాక అడిగి తెలుసుకునేవాడు. భిన్నాలు ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. కానీ తనకి మొదట్నుంచీ వచ్చినట్టే పిల్లలకి చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి మోహన్‌కి ఎక్కాలు వచ్చేశాయి. ఉష లావుపాటి పుస్తకాలు చదివేస్తోంది. చూశారా అన్నట్టు తిరిగేవాడు నరసింహ, చూసేవాళ్లెవరూ లేకపోయినా.

మార్చిలో ఒక మంగళవారం ఫోను మోగింది. కౌంటీ విద్యాశాఖ నుంచి మిసెస్ కోవాల్‌స్కీ అట. బడి ఈడు పిల్లలు పగలు లైబ్రరీలో కనబడుతున్నారని ఎవరో చెప్పారట. ఇంట్లో చదువు చెప్పుకోవడం ఈ రాష్ట్రంలో తప్పేం కాదనీ, బడిలో చెప్పే చదువుకి తగ్గట్టు చెబుతున్నారా లేదా చూడాలనీ అంది. గురువారం వస్తాను, పిల్లలు ఈ ఏడాది చేసిన వర్క్ చూపించండి, అని పెట్టేసింది.

శాంతి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే చెప్పాడు.

"ఏం చూపిస్తారు?" అంది.

"పిల్లల్నే చూపిస్తా. ఏం కావాలో అడుక్కోమను."

"ఉషనా? కొత్తమనిషి అడిగితే ఉష చెబుతుందా?"

నరసింహ ఆమె విప్పిన బూట్లు గోడ వారకి జరిపాడు.

"పిల్లల్ని కాదండీ, పేపర్ చూపించాలి. మా హాస్పిటల్లో పేషెంట్‌కి మందు నేను నా చేత్తో మింగించినా సరే, చార్ట్‌లో రాయకపోతే ఇవ్వనట్టే. ఈ దేశమంతా అంతే. ఏడాదిపాటు చెప్పారు, ఏడాదిపాటు తుడిచేశారు. ఇప్పుడు ఆవిడకి ఏం ఇస్తారు, తడిగుడ్డా?"

"నీ జీతం దండగ చెయ్యకూడదనేగా..."

"నేను అడిగానా? కాగితాలు కొనొద్దని నేను ఎప్పుడైనా అన్నానా?" శాంతి గొంతు పెరిగింది. మళ్లీ పిల్లలు వింటారని తగ్గించింది. "ఆవిడ తృప్తి పడకపోతే ఏమవుతుందో తెలుసా? మళ్లీ స్కూలు. మళ్లీ ఆ కింద గది. పదకొండేళ్లు వస్తున్నాయి దానికి. ఇంకా ఆపిల్ పండుకి రంగులేస్తూ కూర్చుంటుంది."

ఆమె మొహం కడుక్కుని పడుకుంది. నరసింహ కోటు వేసుకుని దుకాణానికి వెళ్లాడు. అరల మధ్య నిలబడి చూస్తే గీతలున్న కాగితాల కట్ట ధర నవ్వొచ్చేంత తక్కువ. ఇంత చవకదాని కోసమా ఇంత పంతం అనిపించి, ఆ కోపం కట్ట అమ్మిన పిల్ల మీద చూపించి, చిల్లర లెక్కపెట్టకుండానే వచ్చేశాడు.

పిల్లల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "రాయండి. పైన డేట్ వెయ్యండి. అక్టోబర్."

"బట్ డాడీ, ఇది మార్చ్," అంది ఉష.

"అక్టోబర్ అని వెయ్యి."

ఉష తలొంచుకుని వేసింది. కాగితం మీద రాయడం మరిచిపోయిన చెయ్యి. పలక మీద నొక్కినట్టే పెన్సిల్ నొక్కుతోంది. ఒక అంకె తప్పు పడగానే అలవాటు ప్రకారం బొటనవేలు గిన్నెలో ముంచి రుద్దేసింది. కాగితం నల్లగా అలుక్కుపోయి, చిరిగి, బల్ల కనిపించింది.

"చింపేశావా! కొత్త కాగితం!" అన్నాడు నరసింహ. ఉష చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. బడిలో కూర్చున్నట్టే, తల దించుకుంది.

ఇంతలో మోహన్ పెన్సిల్ చివర కొరుకుతూ అడిగాడు. "డాడీ, అక్టోబర్‌లో నాకు సెవెన్ టేబుల్ రాదు కదా? రాంగ్ రాయనా?"

నరసింహ కొడుకు మొహంలోకి చూశాడు. వాడు వెటకారం చెయ్యడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. దొంగపని సరిగ్గా చెయ్యాలంటే ఎన్ని తప్పులు చెయ్యాలో వాడికి తెలియాలి. ఏ హెడ్‌మాస్టరూ తన చేత ఇలాంటి పని చేయించలేదే అనుకున్నాడు. పిల్లల ముందునుంచి కాగితాలు తీసేసి, కట్టలో పెట్టి, ఫ్రిజ్ మీదకి తోసేశాడు. "పోండి. ఆడుకోండి," అన్నాడు.

గురువారం మిసెస్ కోవాల్‌స్కీ చెప్పిన వేళకే వచ్చింది. యాభై దాటిన మనిషి, కాళ్లకి మంచు బూట్లు, చంకలో ఫైలు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పబోతే శాంతి వద్దంది, ఆవిడ విప్పింది. డ్యూటీ నుంచి వచ్చి పడుకోకుండా కూర్చున్న శాంతి కాఫీ ఇచ్చింది. ఆవిడ వంటిల్లంతా ఒకసారి చూసి, పలక చేతిలోకి తీసుకుని చట్రం మూల తడిమింది.

"ఇది మీరు చేశారా?"

"అవును," అన్నాడు నరసింహ. ఆ మూల ఎలా కలిపాడో చెప్పాలనిపించింది. చెప్పలేదు.

మోహన్‌ని అడిగితే వాడు ఎక్కాలు వల్లించాడు. ఆపమనేదాకా ఆగలేదు. ఆవిడ నవ్వింది. తర్వాత ఉష వైపు తిరిగింది. ఉష బల్ల మీద చెక్క గీతలు చూస్తూ కూర్చుంది. ఆవిడ రెండుసార్లు అడిగింది, మూడోసారి ఇంకా నెమ్మదిగా అడిగింది. సరిగ్గా ఇలాగే అయి ఉంటుంది బడిలో, అనుకున్నాడు నరసింహ.

"రాయమనండి. రాస్తుంది," అంది శాంతి.

ఆవిడ ఒక భిన్నాల లెక్క చెప్పింది. ఉష బలపం తీసుకుని చకచకా చేసి పలక తండ్రి వైపు తిప్పింది. ఒప్పే. నరసింహ "ఊఁ" అన్నాడు. మిసెస్ కోవాల్‌స్కీ కళ్లజోడు సవరించుకుని ముందుకి వంగేలోపు ఉష తడిగుడ్డతో తుడిచేసింది.

"అయ్యో," అంది శాంతి తెలుగులో.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మిస్టర్ నరసింహ, మీరు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. కానీ నా ఫైల్లో ఏదో ఒకటి ఉండాలి. ఏడాదిలో ఈ పిల్ల రాసినది ఒక్కటి, ఏదైనా సరే. లేదంటే సోమవారం నుంచి వీళ్లు బడికి వెళ్లాలి, ఎక్కడ ఆపేశారో ఆ క్లాసులకే."

"తుడిచేశాం," అన్నాడు నరసింహ. అతని ఇంగ్లీషు ఫ్యాక్టరీలో నేర్చుకున్నది. ఉన్నమాట ఉన్నట్టు చెప్పడానికే పనికొస్తుంది. "రోజూ రాశారు. రోజూ తుడిచేశాం. కాగితానికి డబ్బు పెట్టలేదు. నా తప్పు. పిల్లది కాదు."

ఫ్రిజ్ మీద కాగితాల కట్ట అందరికీ కనబడుతూనే ఉంది, అక్టోబర్ అని రాసిన చిరుగు కాగితం పైన.

"ఉష క్లాజెట్‌లో రాసింది కదా," అన్నాడు మోహన్.

ఉష తమ్ముడి వైపు చూసిన చూపుకి వాడు కుర్చీలోనే చిన్నవాడైపోయాడు. "ఐ మీన్... నేను చెప్పలేదు," అన్నాడు.

"క్లాజెట్‌లో ఎక్కడ?" అన్నాడు నరసింహ.

"వాల్ మీద."

నరసింహకి ముందుగా తోచింది అద్దె ఇంటి గోడ. ఖాళీ చేసే రోజున మేనేజరు పట్టుకోబోయే డిపాజిట్. సిగ్గుపడాల్సిన సంగతే అయినా నిజం అదే. తర్వాతే లేచి పనిముట్ల పెట్టెలోంచి టార్చి తీసుకున్నాడు.

పిల్లల గదిలో క్లాజెట్, బట్టలు తగిలించే గోడ అర, చిన్నది. చలికోట్లన్నీ ఒక పక్కకి జరిపాడు. వెనక గోడ, నేల నుంచి ఉష చెయ్యి అందేంత ఎత్తు దాకా, పెన్సిల్ రాతలతో నిండిపోయి ఉంది. మిసెస్ కోవాల్‌స్కీ మోకాళ్ల మీద కూర్చుంది. నరసింహ ఆవిడ భుజం మీదుగా టార్చి పట్టుకున్నాడు. ఆవిడ చదివినంత మేరా అతనూ చదవాల్సి వచ్చింది.

కింద కూడికలు, తీసివేతలు. ఆ పైన గుణకారాలు. భిన్నాలు మొదలైన చోట అక్షరాలు కాస్త వంకరపోయి, మళ్లీ కుదురుకున్నాయి. రాష్ట్రాల రాజధానులు. మేపుల్ ఆకు ఎందుకు ఎర్రబడుతుందో ఒక పేరా. ఒక మూల అ నుంచి అః దాకా.

"ఇదేంటి?" అంది ఆవిడ.

"మా భాష," అన్నాడు నరసింహ.

తను ఏ రోజు ఏ పాఠం చెప్పాడో ఆ గోడ మీద గుర్తుపట్టగలుగుతున్నాడు. తుడువు అన్నప్పుడల్లా పిల్ల పలక తుడిచేసి, అదే లెక్క మనసులో పెట్టుకుని, వీలు చూసుకుని ఇక్కడికొచ్చి, కోట్ల వెనక ఆ చీకట్లో రాసుకుంది. పెన్సిల్ కూడా నేల మీదే ఉంది. లైబ్రరీలో పుస్తకాల నంబర్లు రాసుకోవడానికి ఊరికే ఇచ్చే పొట్టి పెన్సిల్, ఇంకా పొట్టిదైపోయి.

రాతలు మాత్రమే ఉంటే నరసింహ తట్టుకునేవాడేమో. ఒప్పయిన ప్రతి లెక్క పక్కనా ఒక నక్షత్రం గీసి ఉంది, బడిలో టీచర్లు అంటించే స్టార్ లాంటిది, అయిదు కొమ్ములూ జాగ్రత్తగా కలిపి. కొన్నింటి పక్కన ట్రై అగైన్ అని ఉంది. మేపుల్ ఆకు పేరా కింద, పిల్ల దస్తూరీ కాకుండా పెద్దవాళ్ల రాతలా పక్కకి వాల్చి, గుండ్రంగా, గుడ్ వర్క్ ఉషా అని ఉంది.

"ఇవి ఎవరు దిద్దారు?" అంది మిసెస్ కోవాల్‌స్కీ.

గుమ్మంలో నిలబడ్డ ఉష కాసేపు తలుపు చెక్క గోకింది. తర్వాత ఇంగ్లీషులో, వినీ వినపడకుండా, "నేనే," అంది.

"ఇక్కడెందుకు రాశావమ్మా?"

"ఇక్కడైతే డాడీ తుడవమని చెప్పడు."

చెయ్యి నొప్పి పుట్టిందన్నట్టు నరసింహ టార్చిని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

వెళ్లేముందు మిసెస్ కోవాల్‌స్కీ వంటింట్లో నిలబడే ఫైల్లో చాలాసేపు రాసుకుంది. "మీరు చెప్పారు, పిల్ల నేర్చుకుంది. నేను చూశాను. ఇంట్లోనే చదివించుకుంటే నా వైపు నుంచి అభ్యంతరం రాదు. ఒకవేళ బడికి పంపాలనుకుంటే ఈ పిల్లని తన ఈడువాళ్ల క్లాసులోనే కూర్చోబెట్టాలని రాస్తున్నాను. కింద గదికి కాదు. ఎలా చేస్తారన్నది మీ ఇష్టం." బూట్లు వేసుకుని, మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లి ఉన్నా రెయిలింగు పట్టుకుని జాగ్రత్తగా దిగి వెళ్లిపోయింది.

"గెలిచారు," అంది శాంతి. నిద్రకి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పడుకుంటానండీ ఇంక." గదిలోకి వెళ్లబోతూ అతని భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది.

గెలిచిన మనిషి వెళ్లి క్లాజెట్ ముందు నేల మీద కూర్చున్నాడు. నక్షత్రాలు లెక్కపెట్టలేదు. ఒప్పయిన రోజు ఒప్పేనమ్మా అనడానికి ఏం ఖర్చయ్యేది తనకి? ఊఁ అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తనని ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి తనూ మెచ్చుకోనక్కర్లేదనుకున్నాడో, అసలు తోచనే లేదో, ఇప్పుడు కూర్చుని తవ్వుకున్నా తేలడం లేదు. చదువుకున్నవాళ్లని తిట్టడానికి వాడిన నోరు, పక్కన కూర్చుని చదువుకుంటున్న పిల్లతో ఏడాదంతా ఒకటే మాట అంది.

ఉష వచ్చి కాస్త దూరంలో నిలబడింది. "సారీ డాడీ. నేను వైప్ చేస్తా. సోప్‌తో వస్తుంది."

"వద్దు."

"మేనేజర్ మ్యాడ్ అవుతాడు."

"అవనీ." నరసింహ పిల్ల వైపు తిరిగాడు. "ఉషా, బడికి వెళ్తావా?"

ఉష ఒకడుగు వెనక్కి వేసింది. "ఆ రూమ్‌కా?"

"కాదు. నీ క్లాసుకే. ఆవిడ రాసింది చూశావుగా."

పిల్ల గోడ మీది నక్షత్రాల వైపు చూసింది. నరసింహ లోపల ఒక ఆశ, వెళ్లనంటుందేమోనని. అనాలని. తను గెలుచుకున్నది తనకే మిగలాలని.

"వెళ్తా," అంది ఉష. వెంటనే, "నువ్వు మ్యాడ్ అవ్వవు కదా? నువ్వు బాగానే చెప్పావ్ డాడీ. ఇట్స్ జస్ట్... అక్కడ పేపర్ ఇస్తారు. ఇంటికి తెచ్చుకోవచ్చు."

"ఊఁ," అన్నాడు నరసింహ.

"మోహన్?"

"వాడు నా దగ్గరే ఉంటాడులే, ఇంకో ఏడాది."

సోమవారం ఉష పసుపు బస్సెక్కింది. నరసింహ ఫ్రిజ్ మీది కాగితాల కట్టలోంచి అక్టోబర్ కాగితాలు తీసేసి, మిగిలిన కట్ట పిల్ల సంచిలో పెట్టాడు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి, తర్వాత వచ్చి మోహన్‌కి లెక్క చెప్పాడు. బల్లకి ఒక వైపు ఖాళీ. గుసగుసగా చెప్పడానికి ఒక్కడే ఉంటే గొంతు ఇంకా చిన్నదైపోతోంది. మధ్యాహ్నం ఒకసారి పొరపాటున రెండు పలకలూ బల్ల మీద పెట్టి, ఒకటి మళ్లీ లోపల పెట్టేశాడు.

వారం చివర ఉష బస్సు దిగి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. సంచిలోంచి ఒక కాగితం తీసి, కోటు విప్పకుండానే, బల్ల మీద తండ్రి ముందు పెట్టింది. భిన్నాల లెక్కలు. పైన బంగారు రంగు స్టార్, అంటించింది. పక్కన టీచరు ఎర్రసిరాతో, పక్కకి వాల్చి, గుండ్రంగా, గుడ్ వర్క్ ఉషా అని రాసింది.

క్లాజెట్ గోడ మీద పిల్ల రాసుకున్నట్టే ఉంది. ఈ లెక్కలు నేర్పింది తను. ఆ మాట రాసింది ఇంకొకరు. నరసింహ కాగితాన్ని పట్టుకుని, ఒక్కో లెక్కా పైనుంచి కిందదాకా చూశాడు, తప్పు దొరుకుతుందేమో అన్నట్టు. దొరకలేదు.

"ఊఁ," అన్నాడు.

నోరు అలవాటు కొద్దీ రెండో మాట కోసం తెరుచుకుని, అలాగే ఉండిపోయింది. ఉష చూస్తోంది. మోహన్ కూడా బలపం ఆపి చూస్తున్నాడు.

"బాగా చేశావు," అన్నాడు నరసింహ. ఎప్పుడూ వాడని పనిముట్టు పట్టుకున్నట్టు ఉంది ఆ మాట అతని నోట్లో. "ఎక్కడ పెడదాం దీన్ని?"

వెళ్లి పనిముట్ల పెట్టె తెరిచి సుత్తి, సన్న మేకు తెచ్చాడు. వంటింటి గోడ మధ్యలో, గుమ్మంలోంచి రాగానే కనపడే చోట, కాగితం ఆనించి కొట్టాడు. ఏడాదిగా గుసగుసలు తప్ప ఎరగని ఆ ఇంట్లో సుత్తి దెబ్బ బాంబులా మోగింది.

శాంతి నిద్రలోంచి లేచి, జుట్టు ముడేసుకుంటూ పరుగున వచ్చింది. "ఏంటండీ ఆ చప్పుడు? ఏమైంది?"

"మేకు."

"అద్దె ఇంటి గోడకా? డిపాజిట్..." అనబోయి, కాగితం చూసి, ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి చదువుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

వెనక మోహన్ తన పలక ఎత్తి పట్టుకున్నాడు. లెక్క ఎప్పుడో అయిపోయింది. ఇంకో చేతిలో తడిగుడ్డ నీళ్లు కారుతోంది.

"డాడీ, నాది తుడిచెయ్యనా?"

"ఆగరా," అన్నాడు నరసింహ, సుత్తి కింద పెడుతూ. "ముందు నన్ను చూడనీ."